ఇరవై రెండు వీపులు

ఆ రోజు నేను పన్ను పీకించుకోవడానికి వెళ్ళకుండా ఉంటే ఈ గొడవంతా వేరేవాళ్ళ నెత్తిన పడేది. మా కాలేజీలో ఒక ఆచారం ఉంది. ఏ కమిటీ వేసినా, ఆ మీటింగుకి ఎవరు రాకపోతే వాళ్ళే కన్వీనరు. వచ్చినవాళ్ళు వద్దంటారు, రానివాడు వద్దనలేడు కదా! అందుకే మా స్టాఫు నూటరెండు జ్వరం ఉన్నా దుప్పటి కప్పుకుని మరీ మీటింగుకి వస్తారు. నేను చరిత్ర చెప్పేవాణ్ణి, పేరు గొడవర్తి విశ్వేశ్వరం. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఆచారాన్ని కళ్ళారా చూస్తూ కూడా పంటి డాక్టరు దగ్గరికి మీటింగు రోజే వెళ్ళానంటే, చరిత్ర నుంచి మనిషి ఏమీ నేర్చుకోడని మీకు అర్థమయ్యే ఉంటుంది.

మర్నాడు బుగ్గ వాచి, నోట్లో దూదితో కాలేజీకి వెళ్ళేసరికి మా ప్రిన్సిపాల్ డాక్టర్ త్రివిక్రమరావుగారు ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేశారు.

"అభినందనలు విశ్వేశ్వరంగారూ! పాఠ్యేతర కార్యకలాపాల కన్వీనరుగా తమర్ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం."

దూది అడ్డం ఉండబట్టి ఏమీ అనలేకపోయాను. మౌనం అర్ధాంగీకారం అన్నారాయన. మిగతా సగం ఆయనే వేసుకుని రిజిస్టర్లో నా పేరు రాసేశారు.

విషయం ఏమిటంటే, పైనుంచి ఒక సర్క్యులరు వచ్చింది. పైన అంటే ఎక్కడో మాకెవరికీ తెలీదు. వానా, సర్క్యులర్లూ అక్కణ్ణుంచే పడతాయి. దాన్లో ఇలా ఉంది: "ఉపాధ్యాయ వృత్తిని అభిలషించు డిగ్రీ విద్యార్థులు, సదరు వృత్తికి తమను సన్నద్ధపరచు పాఠ్యేతర కార్యకలాపములను ఎంపిక చేసుకొని, కనీసము నూరు పాయింట్లు ఆర్జించవలెను. అట్లు ఆర్జించిన వారికి మాత్రమే సంసిద్ధతా పత్రము జారీ చేయబడును. సదరు పత్రము లేనివారు బి.ఇడి. ప్రవేశమునకు అనర్హులు." పత్రాల జారీకి ఆఖరి తేదీ ఏప్రిల్ ముప్ఫై; ఋజువు ఫోటోలు పెట్టే యాప్ మాత్రం ఫిబ్రవరి ఆఖరుకే మూత.

ఆలోచన మంచిదే. కుర్రాళ్ళు నాటకాలాడి, వక్తృత్వ పోటీల్లో మాట్లాడి, నలుగురు పిల్లల్ని పోగేసి కథలు చెబితే రేపు మంచి టీచర్లవుతారు. నేను ఆ మాటే కాగితం మీద రాసి చూపించాను. ప్రిన్సిపాల్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారంటే ఎవరికో మూడిందన్నమాటే.

"ఇవన్నీ ఊహాజనితాలు. మన ఎంపిక శాస్త్రీయంగా ఉండాలి. ఉపాధ్యాయుడు వాస్తవంగా ఏమేం చేస్తున్నాడో క్షేత్రస్థాయిలో అధ్యయనం చేసి, వాటినే క్లబ్బులుగా రూపకల్పన చేద్దాం. ఒక నిజమైన ఉపాధ్యాయుణ్ణి పిలిపించండి."

పక్క ఊరి ప్రాథమికోన్నత పాఠశాల హెడ్మాస్టరు మట్టపర్తి ఆదినారాయణగారిని పిలిపించాం. ఆయన కుర్చీలో కూర్చున్నాడే గానీ, చూపంతా చేతిలో ఉన్న ఫోను మీదే ఉంది.

"మా పనేవుందండీ, పొద్దున్నే వెళ్ళగానే నా మొహం ఫోటో అండి. తర్వాత పిల్లల మొహాలండి. ఆ తర్వాత బాత్రూములు, నాలుగు వైపుల్నించీ. పదింటికి బియ్యం మూట. పదకొండున్నరకి గుడ్డు."

"గుడ్డు కూడానా?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు, రాసుకుంటూ.

"రెండు ఫోటోలండి. ఉడక్కముందొకటి, ఉడికాకొకటి. మధ్యాహ్నం నించీ సర్వేలండి. ఇంట్లో ఎంతమంది, గేదెలెన్ని, ఓటుందా లేదా... ఎలక్షన్లొస్తే పెట్టెలు మొయ్యాలి. పైనుంచి ఎవరన్నా వస్తే శాలువా ఎలాగూ తప్పదు."

"మరి పాఠం ఎప్పుడు చెబుతారండీ?" అనడిగాను. అప్పటికి దూది తీసేశాను.

ఆదినారాయణగారు కాస్త సిగ్గుపడ్డారు. "ఎందుకు చెప్పమండీ, చెబుతాం. నెట్టు పోయినప్పుడు."

వారం తిరిగేసరికి క్లబ్బులు వెలిశాయి. ఫోటో క్లబ్బుకి నలభై పాయింట్లు. సర్వే క్లబ్బుకి పాతిక. శాలువా క్లబ్బుకి ఇరవై. అతిథి కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చునేలోగా శాలువా భుజాల మీద పడాలి, మడత విరగకూడదు. గుడ్డు క్లబ్బుకి పదిహేను. ఎలక్షన్ క్లబ్బుకి నలభై అయిదు, అది మగపిల్లలకే; వాళ్ళు పెట్టెలు దొరక్క మా ల్యాబులో బీరువాలు మోశారు. కెమిస్ట్రీ వరండాలో గుడ్లు ఉడుకుతుంటే, పక్క గదిలో నా క్లాసులో పిల్లలు మౌర్య సామ్రాజ్యం వదిలేసి గుడ్డెప్పుడొస్తుందా అని కిటికీలోంచి చూసేవారు.

"అయ్యా, పాఠం చెప్పడానికి కూడా ఓ క్లబ్బు పెడితే బావుంటుందేమో" అని ఒకసారి నసిగాను.

ప్రిన్సిపాల్‌గారు జాలిగా చూశారు. "పాఠం చెప్పడం పాఠ్యేతరం ఎలా అవుతుందండీ? చరిత్ర లెక్చరరై ఉండి మీరే ఇలా అంటే ఎలా?"

చరిత్రకీ దానికీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలీదు. నోరుమూసుకుని వచ్చేశాను.

అప్పుడు వచ్చింది నేలపూడి సత్యవేణి, బి.ఏ. ఆఖరి సంవత్సరం. వాళ్ళమ్మ మార్తమ్మ కాలవ అవతల కొబ్బరి పీచు మిల్లులో పనిచేస్తుంది. మిల్లు పక్క రేకుల షెడ్డులో, పాత తలుపుకి నల్లరంగు వేసి బోర్డు చేసి, కూలీల పిల్లలకి ఈ పిల్ల రోజూ సాయంత్రం అయిదింటికి పాఠాలు చెబుతుందని నాకు అంతకుముందు తెలీదు. చెప్పేవాళ్ళెవరు? దానికి బ్యానరు లేదాయె.

"మేష్టారూ, నేను మూడేళ్ళ నించీ చెబుతున్నానండి. ఇరవై రెండుమంది పిల్లలండి. సర్వే, శాలువా, గుడ్డు చేసి అరవై తెచ్చుకున్నాను. ఫోటో క్లబ్బుకి మంచి ఫోనుండాలంట, నా దగ్గర లేదు. మిగతా నలభై దీనికి ఇవ్వరాండీ? టీచరవ్వాలనే కదండీ నేను డిగ్రీలో చేరింది."

నాకు ఒళ్ళు మండింది. టీచరు కావడానికి ఇంతకంటే ఏం చెయ్యాలి? సర్క్యులరు తిరగేసి, తిరగేసి, చిట్టచివర "ఇతరములు" అనే మాట పట్టుకున్నాను. రోజుకి ఒక పాయింటు, నలభై రోజులకి మించకుండా. ప్రతిరోజూ ఫోటో యాప్‌లో పెట్టాలి. ఆ సాయంత్రమే వెళ్ళి, తలుపు దగ్గర నించుని నా ఫోనుతో ఫోటో తీశాను. సత్యవేణి బోర్డు మీద ఏడో ఎక్కం రాస్తోంది. పిల్లలు మెడలు చాచి చూస్తున్నారు. నేనొచ్చింది ఒక్కరూ గమనించలేదు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో అలాంటి క్లాసు నాకు ఒక్కటీ దొరకలేదు, నిజం చెబుతున్నాను.

యాప్ ఆ ఫోటోని తిప్పికొట్టింది. కారణం కోసం రాస్తే జవాబు వచ్చింది: "సదరు ఛాయాచిత్రమునందు ఉపాధ్యాయిని ముఖము, విద్యార్థుల ముఖములు, నల్లబల్ల, బ్యానరు, ఈ నాలుగును ఏకకాలమున కనబడవలెను. పంపబడిన దానియందు ఇరవై రెండు వీపులు మాత్రమే కలవు. వీపులకు పాయింట్లు ఇచ్చు నిబంధన లేదు."

అక్కడే మేం తప్పు చేశాం. వీపులే ఋజువని ఆ రోజే రాసి ఊరుకోవాల్సింది. పోన్లే, పిల్ల భవిష్యత్తు కదా అని సర్దుకుపోయాం.

ఫోటో సర్దిపెట్టడానికి యాళ్ళ కిరీటిని వెంట తీసుకెళ్ళాను. అతను ఫోటో క్లబ్బుకీ, శాలువా క్లబ్బుకీ అధ్యక్షుడు. నూట నలభై అయిదు పాయింట్లతో కాలేజీకే ఫస్టు. బంగారంలాంటి కుర్రాడు, వంకలు పెట్టడానికి లేదు. ఒకటే లోపం, పిల్లలంటే భయం.

"కరుత్తారేటండీ?" అనడిగాడు షెడ్డు గుమ్మంలో ఆగిపోయి.

కరవరని హామీ ఇచ్చాక లోపలికొచ్చి, క్షణంలో అంతా అమర్చేశాడు. నాలుగూ ఒకే ఫోటోలో పడాలంటే దారి ఒక్కటే. బోర్డు వెనక, దాని మీద బ్యానరు, బోర్డుకి వీపు పెట్టి సత్యవేణి, ఆమె ముందు బోర్డుకి వీపు పెట్టి పిల్లలు. అందరూ కెమెరా వైపు చూసి నవ్వాలి. రేకుల షెడ్డులో సిగ్నలు అందక మూడుసార్లు పోయింది. అందినప్పుడు యాప్ "ఒక ముఖము తక్కువ" అంది. వెతికితే సుహాసిని అని ఆరేళ్ళ పిల్ల, వెనక్కి తిరిగి బోర్డు మీద ఏముందో చూస్తోంది.

"పాపా, బోర్డు సూడకమ్మా! ఇటు సూడు, ఇటు!" అని బతిమాలాడు కిరీటి.

గంట పాఠంలో నలభై నిమిషాలు ఫోటోకి పోయాయి. రెండో రోజూ అంతే. పదో రోజుకి పిల్లలకి అలవాటైపోయింది. ఇరవయ్యో రోజుకి సుహాసిని కూడా బోర్డు వైపు చూడ్డం మానేసింది. కిరీటి సంతోషం పట్టలేక అందరికీ బిస్కెట్లు పంచాడు. సత్యవేణి మాత్రం రోజురోజుకీ ముడుచుకుపోతోంది.

"ఏడో ఎక్కం దగ్గరే ఆగిపోయామండీ మేష్టారూ, నెల్రోజుల్నించీ" అంది ఒకరోజు.

"ఓర్చుకోమ్మా, ఇంకెన్నాళ్ళు! నలభై కాగానే ఎనిమిదీ తొమ్మిదీ ఒక్క ఊపులో చెప్పేద్దువు గానీ" అన్నాను. ఆ మాట అన్నందుకు నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది.

ముప్ఫై తొమ్మిది రోజులు గడిచాయి. అరవైకి ముప్ఫై తొమ్మిది కలిపితే తొంభై తొమ్మిది. నలభయ్యో రోజు ఫిబ్రవరి ఇరవై ఎనిమిది. ఆ రాత్రితో యాప్ మూతపడుతుంది. సరిగ్గా ఆ సాయంత్రమే పాఠ్యేతర పర్యవేక్షణాధికారిగారు మా కాలేజీకి విచ్చేసి, "ఇతరములు ఎచ్చట జరుగుచున్నవి?" అనడిగారు. ఆయన మాట్లాడేది కూడా సర్క్యులరు లాగే ఉంటుంది. వెంటబెట్టుకుని షెడ్డుకి తీసుకెళ్ళాం. మిల్లు గుమ్మంలోనే ఆయన భుజాల మీద శాలువా పడింది, మడత విరగలేదు.

పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఎవరూ చెప్పనక్కర్లేకుండానే వరసలుగా కూర్చున్నారు, బోర్డుకి వీపులు పెట్టి. బ్యానరు అంచులు సరిచేసుకున్నారు. అధికారిగారి వైపు చూసి అందరూ ఒక్కసారి నవ్వారు.

"ఆహా! ఏమి క్రమశిక్షణ! ఏమి సంసిద్ధత!" అని ఆయన పొంగిపోయి సుహాసిని ముందు వంగారు. "పాపా, టీచరుగారు నీకేం నేర్పారమ్మా?"

"ఇటు సూడ్డం నేర్పారండి."

"భేష్! ఇంకా?"

"నవ్వడం అండి."

"చూశారా ఆత్మవిశ్వాసం!" అన్నారాయన ప్రిన్సిపాల్‌గారితో. ప్రిన్సిపాల్‌గారు కళ్ళజోడు తుడుచుకున్నారు, ఈసారి ఆనందంతో.

నేను సత్యవేణి వైపు చూశాను. ఆ పిల్ల మొహం జేవురించింది. కిరీటి ఫోను ఎత్తిపట్టుకుని "రెడీ... ఒకటీ..." అంటున్నాడు. ఒక్క నొక్కు నొక్కితే నూరు. ఇంకొక్క నిమిషం ఓర్చుకో తల్లీ అని మనసులోనే దణ్ణం పెట్టాను.

"పిల్లలూ, ఎనక్కి తిరగండి" అంది సత్యవేణి.

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. "ఫోటో వద్దా అక్కా?" అంది సుహాసిని.

"వద్దు. బోర్డు చూడండి. ఏడొకట్ల ఏడు..."

తిరిగారు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, ఇరవై రెండుమందీ. ఎక్కం మొదలైంది. అధికారిగారి ముందు ఇరవై రెండు వీపులు మిగిలాయి.

"ఏమిటిది?" అన్నారాయన.

"పాఠం అండి" అన్నాను.

"అది నాకును కనబడుచున్నది. మేమెవరికి కనబడుచున్నాము?"

ఆ కంగారులో కిరీటి నొక్కనే నొక్కాడు. యాప్‌లో "ముఖములు: సున్నా" అని ఎర్రక్షరాలు వచ్చాయి. నాలుగో రోజు నాకు మెమో వచ్చింది, వీపుల విషయమై సంజాయిషీ ఇవ్వమని. ఇచ్చాను: "అయ్యా, పిల్లలకు కళ్ళు ఒకవైపే ఉన్నందున బోర్డునూ తమరినీ ఏకకాలమున చూడలేకపోయినారు. ఇకముందు ఇట్టి లోపము జరుగకుండునట్లు ప్రయత్నించగలను." ఆమోదించబడింది అని రాసి తిప్పి పంపారు.

కానీ తొంభై తొమ్మిది తొంభై తొమ్మిదే. మార్తమ్మ పీచు దుమ్ము చీరతోనే కాలేజీకి వచ్చి నా ముందు చేతులు కట్టుకు నించుంది.

"ఒక్కటే కదండి బాబూ తక్కువ! ఆ కిరీటిబాబు దగ్గర నలభై అయిదు ఎక్కువున్నాయంట. ఒకటి ఇటు సర్దలేరాండీ? ఆ బాబు ఇత్తానన్నాడండి."

కిరీటి నిజంగానే అర్జీ రాసిచ్చాడు. ప్రిన్సిపాల్‌గారు చదివి, "ప్రతిభ బదిలీ చేయదగిన వస్తువు కాదు" అని రాసి సంతకం పెట్టారు.

మార్చిలో ఆఖరి తంతు వచ్చింది. నూరు దాటిన అరవైమందినీ, ఒకరోజు క్షేత్రానుభవం కోసమని, తలా ఒక బడికి పంపాం. పదిన్నరకి నా ఫోను మోగింది. కిరీటి.

"మేష్టారూ, ఘోరమైపోయిందండి!"

"కరిచారా?"

"లేదండి. ఫోటో అయిపోయిందండి. అప్‌లోడు కూడా అయిపోయిందండి. పిల్లలు ఇంకా ఇక్కడే కూర్చునున్నారండి! నన్నే చూత్తన్నారండి! ఇప్పుడేం చెయ్యాలండీ?"

"పాఠం చెప్పాలి నాయనా."

"అది మన క్లబ్బుల్లో లేదు కదండీ" అన్నాడు, ఏడుపు గొంతుతో.

సాయంత్రానికి అరవై బళ్ళ నుంచీ ఫోన్లు. ఒకడు పిల్లలకి వరసగా శాలువాలు కప్పాడట. ఇంకొకడు వాళ్ళ ఇళ్ళల్లో గేదెలెన్నో రాసుకుని వచ్చేశాడట. వచ్చే నెల పత్రాల ప్రదానానికి అధికారిగారు వస్తున్నారు. ఈ సంగతి బయటపడితే పరువేం కావాలి? ప్రిన్సిపాల్‌గారు కంగారుగా మీటింగు పెట్టారు. నేను అందరికంటే ముందు వెళ్ళి కూర్చున్నాను.

"వీళ్ళకి అత్యవసరంగా బోధనానుభవం కల్పించాలి. ఎక్కడ లభ్యమవుతుంది?"

"పీచు మిల్లు షెడ్డులో అండి" అన్నాను.

దాంతో ప్రత్యేకానుమతి తెప్పించి "పునశ్చరణ" అని కొత్త పద్దు పెట్టారు. రోజుకి పదిమంది చొప్పున షెడ్డుకి వెళ్ళి, పిల్లల వెనకాల కూర్చుని, సత్యవేణి ఎలా చెబుతోందో చూడాలి. పాయింటు లేందే మా విద్యార్థి మంచినీళ్ళు కూడా తాగడు కాబట్టి, కూర్చున్నవాళ్ళకి రోజుకి ఒక పాయింటు. యాప్ మూతపడింది గనక హాజరుపట్టీలో కన్వీనరు సంతకం చాలు.

"మరి నేర్పే సత్యవేణికి?"

"కూర్చుని నేర్చుకునేవారికే పాయింటు. నిలబడి నేర్పేవారికి ఎందుకిస్తామండీ? ఇరవయ్యారేళ్ళుగా నిలబడ్డారు, మీకెవరైనా ఇచ్చారా?"

ఇవ్వలేదు. ఆ మాట నిజమే.

సత్యవేణికి చెబితే ఆ పిల్ల నవ్వలేదు, ఏడవలేదు. "పత్రాలొచ్చేది వాళ్ళకి, నేర్పేది నేనా?" అంది. మళ్ళీ తనే, "రమ్మనండి. రేపు వీళ్ళ చేతిలో పడేది ఇలాటి పిల్లలే కదండీ" అంది.

వచ్చారు. పీచు దుమ్ముకి దగ్గుతూ, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. మొదటి రెండు రోజులూ ఆవిడ చెప్పింది, వీళ్ళు చూశారు. మూడో రోజు సత్యవేణి సుద్దముక్క కిరీటి చేతిలో పెట్టి, "ఎనిమిదో ఎక్కం. నువ్వు చెప్పు" అంది.

"నేనాండీ?"

"నువ్వే. కరవరు."

కిరీటి బోర్డు దగ్గరికి నడిచాడు. మొదటి ఎనిమిది వంకర పోయింది. పిల్లలు కిసుక్కుమన్నారు. చెరిపి మళ్ళీ రాశాడు. ఎనిమిదార్ల దగ్గర తడబడితే సుహాసిని లేచి "నలభై ఎనిమిదండి!" అని అరిచింది. వాడు "అవును సుమా!" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. అప్పణ్ణుంచి వాడి గొంతు గట్టిపడింది.

వెనక నుంచి బోర్డు సరిగ్గా కనిపిస్తోందో లేదో చూడ్డానికి సత్యవేణి వెనక్కి వచ్చింది. పిల్లల వెనకాల, నేల మీద, సుహాసిని పక్కన కూర్చుంది.

నేను సంచీలోంచి హాజరుపట్టీ తీసి, కూర్చున్నవారి వరసలో మొట్టమొదట ఆ పేరు రాసి, సంతకం పెట్టి, తారీఖు వేశాను.

మర్నాడు ప్రిన్సిపాల్‌గారు పట్టీని పైనుంచి కిందికీ, కింద నుంచి పైకీ చూశారు.

"కూర్చుందా?"

"కూర్చుందండి. నేల మీద, బాసింపట్టు వేసుకుని. నేను కన్వీనర్ని, స్వయంగా చూశాను."

"కూర్చుంటే నిబంధనకి విరుద్ధం కాదు" అని ఆయన పత్రం మీద ముద్ర వేశారు. మూడేళ్ళు నిలబడి చెప్పినా రాని అర్హత, ఎనిమిదో ఎక్కమంతసేపు కూర్చుంటే వచ్చేసింది. మార్తమ్మ ఆ పత్రం తల్లకిందులుగా పట్టుకుని, ముద్ర మీద వేలు రాస్తూ చాలాసేపు నిలబడింది.

ఆ రోజంతా నిలబడే ఉన్నందువల్ల కిరీటికి మాత్రం పాయింటు రాలేదు. వాడు తొమ్మిదో ఎక్కం మొదలుపెట్టే తొందరలో, ఆ సంగతి అడగనేలేదు.